కప్పితేనే కనబడే వెలుగు

1980 ఫిబ్రవరి 16, శనివారం. శివరాత్రి వెళ్లీ వెళ్లగానే వచ్చిన మాఘ అమావాస్య. పాల్వంచ దాటి కిన్నెరసాని వైపు పోతే ఊళ్లు పలచబడి అడవి చిక్కబడే చోట మా నాయనమ్మ వాళ్ల ఇల్లు. ఆ రోజు భోజనాలు పెందలాడే అయిపోయాయి. ఆవకాయ జాడీ మీద, నీళ్ల బిందె మీద, పాల గిన్నె మీద దర్భపోచలు పడ్డాయి. తలుపులు, కిటికీ రెక్కలు అన్నీ మూసేశారు. ఎనిమిదేళ్ల నన్ను నడింట్లో కూలేసి, గుమ్మానికి అడ్డంగా నులకమంచం వాల్చుకుని, "పొద్దును పాము మింగుతాంది బిడ్డా, గడప దాటినవో కాళ్లు ఇరగ్గొడ్త" అంది నాయనమ్మ.

అయితే ఆ ఇంటికి గూనపెంకుల కప్పు. కోతులు దూకి దూకి పెంకులను కదిపేవి. ఆ సందుల్లోంచి రోజూ పొద్దెక్కినప్పటి నుంచీ పేడతో అలికిన నేల మీద వెలుగు బిళ్లలు పడేవి. గుండ్రంగా, రూపాయి బిళ్లల్లా. వాటిని అరచేతిలోకి తీసుకోవడం మా ఆట. సందు ఏ ఆకారంలో ఉన్నా బిళ్ల గుండ్రంగానే ఎందుకుంటుందని అప్పుడు నాకు తోచలేదు. అవి సందుల నీడలు కావు, సూర్యుడి బొమ్మలు. ఆ మధ్యాహ్నం ఆ బిళ్లలను ఎవరో ఒక పక్క నుంచి కొరకడం మొదలుపెట్టారు. అరగంటకు సగం బిళ్లలయ్యాయి. తర్వాత కొడవళ్లయ్యాయి. నేలంతా కొడవళ్లు, అన్నీ ఒకే వైపు తిరిగి. గోరు కత్తిరించి పారేసినంత సన్నబడి, నాలుగు కావస్తుండగా ఒక్కసారిగా ఆరిపోయాయి. కోళ్లు గంప కిందికి దూరిన చప్పుడు. ఎక్కడో కుక్క ఏడ్చింది. నాయనమ్మ రామనామం అందుకుంది.

రెండు నిమిషాల చిల్లర. మళ్లీ నేల మీద సన్నటి కొడవళ్లు, ఈసారి ఎదుటి పక్కకు తిరిగి.

ఆ రెండు నిమిషాలూ మా పెంకుల పైన ఆకాశంలో ఏముందో నేను చూడలేదు. ప్రపంచం నలుమూలల నుంచి మనుషులు విమానాలెక్కి వచ్చి చూసిన దాన్ని, దాని కింద పుట్టి పెరిగిన నేను చూడలేదు. కారవార్ దగ్గర ఒడ్డెక్కిన ఆ నీడ రాయచూరు, మహబూబ్‌నగర్, నల్లగొండ మీదుగా వచ్చి ఖమ్మాన్ని, భద్రాచలాన్ని కప్పి, అడవి మీదుగా పూరీ వైపు పోయింది. మోదుగులు పూసే కాలమది. ఎర్రటి అడవి మీద పట్టపగటి చీకటి ఎలా పడిందో చెప్పడానికి మా వైపు పెద్దగా సాక్షులు లేరు. అందరం ఇళ్లలో ఉన్నాం. ప్రియుడు వాకిట్లోకి వచ్చి వెళ్లిపోయిన తర్వాత నిద్ర లేచిన నాయికను మన ఆలంకారికులు ఏ పేరుతో పిలుస్తారో గానీ, నలభై ఏళ్లుగా నా పరిస్థితి అదే.

చాలా ఏళ్ల తర్వాత ఒక గ్రంథాలయంలో ఖగోళశాస్త్ర పుస్తకం తిరగేస్తుంటే ఆ నీడలో తీసిన ఫొటో ఒకటి ఎదురైంది. కింద తేదీ 1980 ఫిబ్రవరి 16. చోటు: పాలెం, ఇండియా. ఆనాటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం. అమెరికాలో బౌల్డర్ పట్టణపు హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ వాళ్లు అక్కడ మకాం వేసి తీసిన బొమ్మ అది. పాలెం మీది నీడే కొద్ది నిమిషాల్లో మా పెంకుల మీదికి వచ్చింది. అంటే నాకు దక్కని దృశ్యమే, కాస్త ముందుగా, ఇంకొకరి కంటికి దక్కి, కాగితం మీద నా కోసం కూర్చుని ఉంది. ఆ పుస్తకం మూయడానికి నాకు ఆ సాయంత్రమంతా పట్టింది.

బొమ్మ నలుపు తెలుపు. మధ్యలో కాటుక బిళ్ల, అంటే చంద్రుడు. దాని చుట్టూ సూర్యుడి కరోనా. మన మాటల్లో చెప్పుకోవాలంటే ప్రభావళి. విగ్రహం వెనుక వెండి తోరణం ఉంటుందే, దాన్ని పొగతో చేస్తే ఎలా ఉంటుందో అలాంటిది. అయితే పొగకు ఇంత నడత ఉండదు. బిళ్ల అంచున వెడల్పుగా మొదలై, పైకి పోను పోను సన్నబడి, చివర దారమై సాగిపోయే రేకులు. ఒక్కో రేకు తామరమొగ్గలా కింద ఉబ్బి, మీద మొనదేలి ఉంది. ఇలాంటివి చుట్టూరా ఉన్నాయి. పైన, కింద, పక్కల, ఖాళీ లేకుండా. 1980 సూర్యుడు మంచి ఉద్రేకంలో ఉన్న సంవత్సరం. పదకొండేళ్లకోసారి వచ్చే ఆ ఉద్ధృతిలో రేకులు అన్ని వైపులా పూస్తాయి, బంతిపువ్వులా. ఉద్రేకం తగ్గిన ఏళ్లలో రెండు పక్కలకే పొడవుగా సాగి, ధ్రువాల దగ్గర వింజామర కుచ్చుల్లాంటి సన్నటి పోగులు మిగులుతాయి. మాకు దక్కవలసింది బంతిపువ్వు.

ఆ రేకులకు ఆ ఆకారం ఇచ్చింది ఎవరు? ఇక్కడే బొమ్మ నన్ను పట్టేసింది. కరోనా వేడి పది లక్షల డిగ్రీల పైమాట. దాని కిందున్న సూర్యుడి ఉపరితలమేమో ఐదున్నర వేల డిగ్రీలే. అంత వేడెక్కిన వాయువు ఆకారం లేకుండా చెదిరిపోవాలి. చెదరనివ్వని చెయ్యి ఒకటుంది. అయస్కాంత క్షేత్రం. బలరేఖలు ఒక చోట లేచి వంపు తిరిగి మళ్లీ సూర్యుడిలోకి దిగే చోట వాయువు చిక్కుకుని, మొగ్గలా ఉబ్బుతుంది. రేఖలు తిరిగి రాకుండా బయటికే సాగిపోయే చోట వాయువూ వాటి వెంట జారిపోతుంది. కాగితం మీద ఇనుపరజను చల్లి, అడుగున అయస్కాంతం పెట్టి చూసిన పిల్లలందరికీ ఈ ముగ్గు తెలుసు. కనబడని చెయ్యి వేసిన ముగ్గు. మనం చూస్తున్నది పిండిని, చేతిని కాదు.

ఈ ఫొటో తీసిన కెమెరా గురించి ఒక ముక్క చెప్పకపోతే పాపం. దాన్ని రూపొందించినవాడు గోర్డన్ న్యూకిర్క్ అనే శాస్త్రవేత్త. అంచు దగ్గర ప్రభావళి బాగా మెరుస్తుంది, కాస్త దూరం పోయేసరికి ఎన్నో వందల రెట్లు మసకబారుతుంది. మామూలు ఫిల్ముకు ఈ రెండూ ఒకేసారి అందవు. అంచును పట్టుకుంటే కొసలు చీకట్లో కలుస్తాయి, కొసల కోసం ఆగితే అంచు తెల్లగా మాడిపోతుంది. న్యూకిర్క్ ఏం చేశాడంటే, మధ్యలో చిక్కగా ఉండి బయటికి పోను పోను పలచబడే ఒక వడపోత గాజును ముందు పెట్టాడు. గట్టిగా అరిచేవాడి నోరు కాస్త నొక్కి, గొణిగేవాడికి వినిపించే వీలు కల్పించాడన్న మాట. సభాధ్యక్షులందరూ నేర్చుకోదగిన విద్య.

మరి రేకుల కొసలు? ఫొటో అంచున అవి తెగిపోతాయి. ప్రతిసారీ అక్కడే నా చూపు ఆగుతుంది. కాగితం అయిపోయింది గానీ రేకు అయిపోలేదు. అది ఎక్కడికి పోతుంది?

1958లో యూజీన్ పార్కర్ అనే ముప్పై ఏళ్ల శాస్త్రవేత్త షికాగోలో కూర్చుని దీనికి లెక్క కట్టాడు. ఇంత వేడిగా ఉన్న కరోనా ఒక చోట నిలిచి ఉండలేదు, సూర్యుడి ఆకర్షణను కూడా తెంచుకుని నిరంతరం బయటికి ప్రవహించి తీరాలి అన్నాడు. దానికి సౌరపవనం అని పేరు పెట్టాడు. పత్రిక తరఫున వ్యాసాన్ని పరిశీలించిన పెద్దలు కొట్టిపారేశారు. అప్పుడు ఆ పత్రికకు సంపాదకుడు మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆయనకూ ఆ ఊహ నచ్చలేదు. కానీ లెక్కలో తప్పు ఎవరూ చూపించలేకపోయారు కనుక అచ్చు వేశాడు. నచ్చనిదాన్ని తప్పు లేదన్న ఒక్క కారణంతో అచ్చు వేసిన సంపాదకులు సాహిత్యంలో ఎందరున్నారో లెక్కపెట్టుకోవచ్చు. నాలుగేళ్లకు, 1962లో, శుక్రుడి వైపు పోతున్న మారినర్-2 నౌకకు దారి పొడుగునా ఆ గాలి తగులుతూనే ఉంది. సెకనుకు 300 నుంచి 800 కిలోమీటర్ల వేగం. ఖమ్మంలో బయల్దేరిన బస్సు మమ్మల్ని భద్రాచలం చేర్చడానికి మూడు గంటలు తీసుకుంటుంది. ఈ గాలికి ఆ దారి సెకనులో మూడో వంతు.

ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే, మనకు రోజూ కనబడే సూర్యబింబం వాచ్యం. కళ్లు చెదిరేంత స్పష్టం. అందుకే దాని వెనుక ఇంకేమైనా ఉందన్న అనుమానమే రాదు. సౌరపవనం వ్యంగ్యం. ధ్వని. గంట కొట్టిన దెబ్బ కాదు, దెబ్బ ఆగిన తర్వాత గాలిలో సాగే అనురణనం. ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ అదే అన్నాడు. ఆ అనురణనం మన భూమిని దాటి, నెప్ట్యూన్‌ను దాటి పోతుంది. అది ఆగే హద్దును వాయేజర్-1 దాటింది 2012 ఆగస్టులో. బయల్దేరిన 35 ఏళ్లకు.

ఈ గాలి వంపును చూశారా? గాలి నేరుగా బయటికే వీస్తుంది. కానీ సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతున్నాడు, భూమి మీది నుంచి చూస్తే సుమారు 27 రోజులకొక చుట్టు. దీపావళి భూచక్రాన్ని తలచుకోండి. ఎగిరే ప్రతి రవ్వా తిన్నగానే పోతుంది, అయినా మన కంటికి నిప్పుల గీత మెలికలు తిరిగి కనిపిస్తుంది. ఈ గాలి మోసుకుపోయే సూర్యుడి అయస్కాంత రేఖలు అలా మెలిపడి, భూమి దగ్గరికి వచ్చేసరికి సుమారు 45 డిగ్రీలు ఏటవాలుగా తగులుతాయి. సౌరకుటుంబమంతా ఒకే భూచక్రం లోపల కూర్చుని ఉంది. ఈ చిత్రాన్ని ఏ కెమెరా తీయలేదు, తీయజాలదు కూడా. వేర్వేరు చోట్ల ఉన్న నౌకలు తమకు తగిలిన అయస్కాంత క్షేత్రం ఎటు వాలి ఉందో చెబితే, కలిపి ఊహించుకున్న బొమ్మ ఇది. కావ్యంలో నాయిక ముఖాన్ని ఎవరైనా చూశారా? అలాగే.

ఇక సూర్యుణ్ణి గమనించడానికి మనం పంపిన నౌక ఆదిత్య-ఎల్1. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ57 మీద వెళ్లింది. ఆ రోజు టీవీల్లో 'సూర్యుడి మీదికి ఇస్రో' అని ఊదరగొట్టారు. పోయింది అక్కడికి కాదు. సూర్యుడికీ మనకూ మధ్య 15 కోట్ల కిలోమీటర్లుంటే, ఇది 15 లక్షల కిలోమీటర్ల దగ్గర ఆగింది. నూటికి ఒక పాలు. ఇంటి నుంచి గుడికి బయల్దేరి, వీధి మలుపులో నిలబడి దండం పెట్టుకున్నట్టు. ఇది చిన్నచూపుతో అంటున్న మాట కాదు. ఆ మలుపులోనే రహస్యం ఉంది. ఎల్1 అనే ఆ బిందువు దగ్గర సూర్యుడి లాగుడూ భూమి లాగుడూ ఎలా పొసగుతాయంటే, అక్కడున్న నౌక భూమితో కలిసి అడుగులో అడుగు వేస్తూ సూర్యుణ్ణి చుట్టగలదు. మధ్యలో గ్రహణాలు లేవు, రాత్రి లేదు. ఇంకో సొగసు: ఆదిత్య ఆ బిందువు మీద నిలబడదు. దాని చుట్టూ పెద్ద వలయంలో తిరుగుతుంది, ఒక్కో చుట్టుకు 178 రోజులు. సరిగ్గా సూర్యుడి ముఖానికి ఎదురుగా నిలబడితే, ఇక్కడి నుంచి వినేవాళ్లకు సూర్యుడి రేడియో ఘోషలో నౌక గొంతు కలిసిపోతుంది. తన మాట వినబడాలంటే సూర్యుడి ముందు నుంచి కాస్త పక్కకు తప్పుకోవాలి.

ఆ నౌకలో ఏడు పరికరాలున్నాయి. అందరూ మెచ్చుకునేది వెల్క్ అనే కరోనాగ్రాఫ్. అది కృత్రిమ గ్రహణం. బింబపు వెలుగును పక్కకు తప్పించి, చుట్టూ ఉన్న ప్రభావళిని మాత్రమే చూస్తుంది. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ చేసింది. 1980లో మా ఇంటి మీద రెండు నిమిషాలున్న దృశ్యం అక్కడ గడియ విరామం లేకుండా నడుస్తూ ఉంటుంది. బ్రహ్మోత్సవాల్లో సూర్యప్రభ వాహనాన్ని చూసినవాళ్లకు ఈ పరికరం కొత్తేమీ కాదు. పెద్ద బంగారు బింబం, దాని ముందు ఉత్సవమూర్తి. మూర్తి బింబాన్ని కప్పేస్తాడు. చుట్టూ కిరణాలు మిగులుతాయి. దండం పెట్టేవాడి చూపు ఆ మిగిలిన కిరణాల మీద ఆడుతుంది.

గ్రహణం కోసం ఎదురుచూడకుండా సూర్యుడి అంచును చూడవచ్చునని మొదట రుజువైన ఊరు కూడా మనదే. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును వర్ణపటంలో విడదీసి చూస్తే, ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, వీటిని మామూలు ఎండలో కూడా పట్టవచ్చు కదా అనిపించింది. మర్నాడు పట్టుకున్నాడు. మిర్చి ఘాటు, పొగాకు వాసనలతో ముడిపడ్డ ఆ ఊరి పేరు సౌరశాస్త్ర చరిత్రలో మొదటి పేజీల్లో ఉంది. గుంటూరులో మొదలైన పని, శ్రీహరికోటలో ఎగిరింది. మధ్యలో 155 ఏళ్లు.

వెల్క్ వెదికే రంగుల్లో ఒకటి ఆకుపచ్చ. 1869లో మరో గ్రహణంలో ఈ గీత కనబడితే, భూమి మీద లేని కొత్త మూలకమని భ్రమపడి కరోనియం అని పేరు కూడా పెట్టేశారు. డెబ్బై ఏళ్ల తర్వాత తేలింది, అది ఇనుమని. బయ్యారం గుట్టల్లో ఎర్రగా తుప్పు పట్టి పడుండే ఇనుమే. పది లక్షల డిగ్రీల పైన తన 26 ఎలక్ట్రాన్లలో 13 పోగొట్టుకుని, సగమై, ఆ సగంలోంచి లేతాకుపచ్చగా వెలుగుతుంది. ఇంత దరిద్రంలో ఇంత రంగు. ఇక్కడ ఏ కవీ ఏమీ కలపనక్కర్లేదు.

అయినా నా ఓటు వెల్క్‌కు కాదు. ఆదిత్యలో నేను అన్నిటికంటే మించి ప్రేమించేది ఎవరూ ఫొటో తీయని మాగ్నెటోమీటర్‌ను. దానికి కన్ను లేదు. అది సూర్యుడి వైపు చూడదు. తన చుట్టూ ఉన్న శూన్యంలో అయస్కాంత క్షేత్రం ఎంత ఉంది, ఎటు వాలింది అని స్పర్శతో చెబుతుంది, అంతే. చెప్పవలసిన అంకె ఎంత చిన్నదో చూడండి. తెలంగాణ నేల మీద భూమి అయస్కాంత క్షేత్రం 40 వేల నానోటెస్లాలకు పైన. అక్కడ గాలి మోసుకొచ్చే సూర్యుడి క్షేత్రం ఐదారు నానోటెస్లాలు. జాతరలో డప్పుల మధ్య ఒక చీమ అడుగు చప్పుడు వినమన్నట్టు. పైగా, నౌకలోనే తీగలున్నాయి, మోటార్లున్నాయి, విద్యుత్తు నడుస్తోంది. ఆ గోల అంతా అయస్కాంత గోలే. వినేవాడికి తన కడుపులో చప్పుడే అడ్డం.

దానికి వాళ్లు చేసిందేమిటంటే, చెవిని ఒంటికి దూరంగా పెట్టారు. ఆరు మీటర్ల చెయ్యి ఒకటి, మడతలు పెట్టి, నౌకకు కట్టి పంపారు. 132 రోజులు అది ముడుచుకునే ఉంది. నౌక తన చోటికి చేరాక, 2024 జనవరి 11న, ఆ చెయ్యి చాచింది. తొమ్మిది సెకన్లు పట్టింది. ఆ చేతి మీద రెండు స్పర్శలున్నాయి, మూడు మీటర్ల దగ్గర ఒకటి, ఆరు మీటర్ల దగ్గర ఒకటి. దగ్గరిదానికి నౌక గోల ఎక్కువ తగులుతుంది, దూరందానికి తక్కువ. సూర్యుడి క్షేత్రం మాత్రం రెంటికీ ఒకటే. రెండూ పోల్చి చూస్తే తన గోల ఎంతో తేలుతుంది. దాన్ని తీసేస్తే మిగిలింది సూర్యుడిది.

సహృదయుడనే మాటకు ఇంతకంటే మంచి నిర్వచనం నాకు ఏ లక్షణగ్రంథంలోనూ దొరకలేదు. కావ్యం చదువుతున్నప్పుడు నా కష్టం, నా కులం, నా అప్పులు, నా నడుం నొప్పి అన్నీ ఆ పద్యంలోకి చొరబడతాయి. సాధారణీకరణం అంటే అవి లేకుండా పోవడం కాదు. వాటి పాలు ఎంతో తెలిసి తీసేయగలగడం. మన విమర్శకుల్లో చాలామంది మూడు మీటర్ల దగ్గరే ఆగిపోతారు. ఈ వ్యాసకర్త కూడా, ఎనిమిదేళ్ల నాటి పెంకుటింటిని పట్టుకుని వేలాడుతున్నాడు కనుక, అదే జాబితాలో వాడు.

ఆ చెయ్యి చాచిన నాలుగు నెలలకు సూర్యుడు గొంతెత్తాడు. 2024 మే నెల మొదట్లో 13664 అనే అంకె మోసుకుంటున్న మచ్చల గుంపు ఒకటి భూమి వైపు తిరిగి, వరసగా ప్లాస్మా మబ్బుల్ని విసిరింది. వెనకవి ముందువాటిని అందుకుని కలిసిపోయాయి. మే 10న అవి వచ్చి తగిలాయి. ఐదారు ఉండే అంకె పది రెట్లు దాటింది. అయితే అసలు సంగతి అంకెలో లేదు, వాలులో ఉంది.

ముక్కోటి ఏకాదశి తెల్లవారుజామున భద్రాచలంలో నిలబడ్డారా ఎప్పుడైనా? చలి, సాంబ్రాణి పొగ, వేల మంది ఊపిరి బిగబట్టి ఉత్తర ద్వారం వైపు చూస్తుంటారు. తలుపు తెరుచుకున్న క్షణాన ముందు అందరికీ పొగ కనబడుతుంది, తర్వాత వెలుగు, ఆ తర్వాతే సూర్యవంశపు రాముడు. భూమికీ ఇలాంటి తలుపు ఒకటుంది. దాని తాళం మాత్రం దక్షిణపుది. మన అయస్కాంత కవచపు ముందు అంచున రేఖలు ఉత్తరానికి చూస్తుంటాయి. వచ్చే గాలిలోని క్షేత్రమూ ఉత్తరానికే ఉంటే, ఎంత వేగంగా వచ్చినా పక్కల నుంచి జారిపోతుంది. దక్షిణానికి తిరిగి ఉంటే రెండు రేఖలూ ఎదురెదురై, తెగి, ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. తలుపు తెరుచుకుంటుంది. గాలి ఎటు వాలి వస్తోందో భూమి మీద ఉన్నవాళ్లకు దాదాపు గంట ముందుగా చెప్పగలిగేవి ఆ మలుపులో నిలబడ్డ నౌకలే. గంట అంటే, గర్భగుడి తలుపు వెనుక గజ్జెల చప్పుడు వినబడ్డంత ముందు.

ఆ రాత్రి వాలు దక్షిణానికే. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. ఇరవై ఏళ్లలో అంతటి అయస్కాంత తుపాను లేదు. భూమధ్యరేఖకు మరీ దూరం కాని కొన్ని అయస్కాంత కేంద్రాలు కలిసి చెప్పే సూచీ 400 నానోటెస్లాలకు పైగా పడిపోయింది. హైదరాబాదు–విజయవాడ దారిలో చౌటుప్పల్ దగ్గర జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారి అయస్కాంత కేంద్రం ఒకటుంది. బస్సులో మనం టీ కోసం దిగే చోటికి దగ్గర్లోనే, సూర్యుణ్ణి వినే చెవి. మా వైపు ఆకాశంలో ఏ ఎరుపూ లేదు. తునికాకు కాలం. కల్లాల మీద ఆకు కట్టలు ఆరుతున్నాయి, వాటికి కాపలా పడుకున్నవాళ్ల మీదుగా, ఏ చప్పుడూ లేకుండా, అంత పెద్ద తలుపు తెరుచుకుని మూసుకుంది.

పార్కర్ పేరు పెట్టుకున్న అమెరికా నౌక గురించి చెప్పకుండా పోతే పక్షపాతం అంటారు. 2018 ఆగస్టులో బయల్దేరింది. 2024 డిసెంబరు 24న సూర్యుడి ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దగ్గర నుంచి, గంటకు 6.9 లక్షల కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయింది. పదకొండున్నర సెంటీమీటర్ల మందం కార్బన్ డాలు ఒకటి అడ్డం పెట్టుకుని. 2021 ఏప్రిల్‌లోనే అది ఒక గడప దాటింది. ఆ గడపకు ఇవతల ఉన్న గాలి ఇక తిరిగి సూర్యుడికి కబురు కూడా పంపలేదు, వచ్చేసింది వచ్చేసినట్టే. అవతల ఉన్నది ఇంకా పుట్టింటి గాలి. ఆ పుట్టింటి దగ్గర్లో అయస్కాంత రేఖలు ఘాట్ రోడ్డులా వెనక్కి మడతపడి మళ్లీ ముందుకు తిరుగుతున్నాయని తేటతెల్లంగా చూపింది కూడా అదే. గొప్ప పని. వీర రసం. చప్పట్లు కొట్టాను. కానీ నిప్పులోకి దూకేవాణ్ణి చూసి కలిగే ఉద్వేగం ఒకటి, దూరాన చెయ్యి చాచి కదలకుండా నిలబడ్డవాణ్ణి చూసి కలిగేది ఇంకొకటి. వయసు మీద పడటం వల్ల కావచ్చు, నాకు రెండోదే రుచిస్తోంది.

ఇంకో తలచుకోదగ్గ సంగతి. పాలెంలో కెమెరా పెట్టిన అబ్జర్వేటరీ వాళ్ల మరో కరోనాగ్రాఫ్, సరిగ్గా ఆ గ్రహణానికి రెండు రోజుల ముందు, ఇక్కడ శివరాత్రి జాగారం చేస్తున్న నాడు, సోలార్ మాక్సిమమ్ మిషన్ అనే ఉపగ్రహంలో ఆకాశానికి ఎగిరింది. ఏడాది తిరగకుండానే మూలపడింది. 1984లో వ్యోమగాములు వెళ్లి బాగుచేస్తే మళ్లీ కళ్లు తెరిచింది. ఆ వారం పాతకాలపు గ్రహణ వేటా, కొత్తకాలపు అంతరిక్ష నౌకా మా మీదుగా ఒకదాన్నొకటి దాటుకుని పోయాయి. నేను నులకమంచం ఇవతల ఉన్నాను.

నాయనమ్మ మీద నాకు కోపం లేదు. తలుపు మూసింది కనుకే ఆ చీకటి గదిలో సూర్యుడి బొమ్మలు అంత స్పష్టంగా నేల మీద పడ్డాయి. బయట నిలబడి ఉంటే ప్రభావళిని చూసేవాణ్ణి, కొడవళ్లను గమనించేవాణ్ణి కాదు. మూసిన గది, కప్పులో సన్న చిల్లు, అవతల కప్పబడుతున్న సూర్యుడు. లెక్క ప్రకారం చూస్తే మా ఇల్లే ఆ రోజు ఒక పరికరం.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. స్లాబు వేశారు, స్లాబుకు సందులుండవు. 2027 ఆగస్టు 2 సాయంత్రం మన దగ్గర పాక్షిక సూర్యగ్రహణం ఉంది. కొద్దిగా కొరికిన బిళ్లే కావచ్చు, ప్రభావళి కనబడదు. సూర్యుడి వైపు కళ్లెత్తి చూడకండి, పిల్లల్ని చూడనివ్వకండి. వంటింట్లోంచి బూందీ గరిటె తీసుకుని పెరట్లోకి రండి. దాన్ని ఎండకు అడ్డంగా పట్టుకుని, కింద ఒక తెల్ల పంచె పరవండి. ఎన్ని చిల్లులుంటే అన్ని సూర్యుళ్లు పడతారు, అందరికీ ఒకే పక్క గాటు. తలుపులు ఎవరైనా మూయమంటే మూయండి. ఒక సందు మాత్రం వదలండి.